బండి ఎందుకు స్టార్ట్ కాలేదు?

(మహిళల అక్షర కేంద్రంలో చేసిన ప్రసంగం)



పోయిన వారం మీరు నన్ను ఒక మాట అడిగారు. "టీచరమ్మా, మాకు చదువు వచ్చింది. పేరు రాస్తున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. ఇంకా ఈ చదువుతో ఏం చేసుకోవాలి?" అన్నారు. ఆ మాటకు ఈ రోజు జవాబు చెప్తాను. ఇది పుస్తకంలో కథ కాదు. మా ఇంట్లో జరిగిన సంగతి. ఒక కారు సంగతి.

కొందరు నవ్వుతున్నారు. "మాకు కారు ఎక్కడిది?" అంటున్నారు. నిజమే. కానీ మన ఊళ్లో కిరాయి కార్లు ఉన్నాయి. ఆటోలు ఉన్నాయి. ట్రాక్టర్లు ఉన్నాయి. వాటికి నెలనెలా కిస్తీ కట్టేది మన ఇంటి డబ్బుతోనే. బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. రిపేరు ఖర్చు మన బియ్యం డబ్బాలోంచే పోతుంది. అందుకని బండి సంగతి మనకూ తెలియాలి.

ఆ రోజు ఏం జరిగింది?

మా అన్నయ్య కిరాయి కారు నడుపుతాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పెట్రోలు కారు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకు కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు పట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. అంటే మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. పొద్దున 7 గంటలకల్లా ఆస్పత్రిలో ఉండాలి. ఆ బేరం మా అన్నయ్యదే.

ఒక రోజు తెల్లవారుజామున 5 గంటలకు అన్నయ్య కీ తిప్పాడు. 'టక్' మంది. అంతే. మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'. ఇంజను తిరగలేదు. పెద్దాయన కర్ర పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన భార్య మా వైపే చూస్తోంది. అన్నయ్యకు చెమటలు పట్టాయి. చివరికి పక్క వీధి ఆటో అతన్ని లేపి, బతిమాలి వాళ్లను పంపించాం.

వాళ్లు ఆలస్యంగా చేరారు. ఆ రోజు ఆయనకు మిషను మీద ఒక గంట తగ్గింది. సాయంత్రం నీరసంగా ఇంటికి వచ్చాడు. "ఏం పర్లేదు లేమ్మా" అన్నాడు. కానీ ఆ రాత్రి మా వదినకు అన్నం సయించలేదు.

మర్నాడు మెకానిక్కు వచ్చాడు. బానెట్ ఎత్తాడు. ఒక్క చూపు చూశాడు. "బ్యాటరీ పోయింది. కొత్తది వెయ్యాలి. 5 వేలు అవుతుంది" అన్నాడు. అన్నయ్య సరే అన్నాడు. డబ్బు వడ్డీకి తెచ్చాడు. పాత బ్యాటరీ తీసేశారు. కొత్త బ్యాటరీ వేశారు. బండి స్టార్ట్ అయింది. అందరం సంతోషించాం.

రెండు నెలలు తిరగలేదు. ఒక పొద్దున మళ్లీ 'టక్'.

వదిన అడిగిన ప్రశ్న

అదే మెకానిక్కు మళ్లీ వచ్చాడు. "ఈసారి సెల్ఫ్ మోటారు పోయింది. మార్చాలి" అన్నాడు. కీ తిప్పగానే ఇంజనును మొదట తిప్పే మోటారునే సెల్ఫ్ మోటారు అంటారు. అన్నయ్య డబ్బు కోసం మళ్లీ చెప్పులు వేసుకున్నాడు.

మా వదిన అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆమె కూడా మీలాగే రెండేళ్ల కింద ఇలాంటి కేంద్రంలోనే అక్షరాలు నేర్చుకుంది. మెల్లగా అడిగింది.

"తమ్ముడూ, మోటారు పోయిందని ఏం చూసి చెప్తున్నావు?"

"నీకేం తెలుసక్కా? ఇది బండి" అన్నాడు.

"బండి నాకు తెలియదు. పొయ్యి తెలుసు. గ్యాస్ పొయ్యి వెలగకపోతే నేను పొయ్యి మార్చెయ్యను. ముందు వాసన చూస్తాను. వాసన రాకపోతే గ్యాస్ రావడం లేదు. సిలిండరు చూస్తాను. వాసన వచ్చీ వెలగకపోతే నాబు కట్టేస్తాను. గ్యాస్ పోయాక లైటరు చూస్తాను. ఒకదాని తర్వాత ఒకటి చూస్తాను. నువ్వు ఏం చూశావు?"

అతను జవాబు చెప్పలేదు. "వేరే బేరం ఉంది" అని వెళ్లిపోయాడు.

అక్కల్లారా, వదిన అడిగింది చిన్న ప్రశ్న. "ఏం చూసి చెప్తున్నావు?" ఈ ప్రశ్న డాక్టరును అడగొచ్చు. ఎరువుల కొట్టు అతన్ని అడగొచ్చు. మర్యాదగా అడిగితే తప్పు లేదు. పని తెలిసినవాడు కోప్పడడు. చూపిస్తాడు.

ఇంజనుకు ఏం కావాలి?

వదిన చెప్పిన పొయ్యి మాట చాలా సరైన మాట. ఇంజను కూడా ఒక రకం పొయ్యే. పెట్రోలు ఇంజనుకు మూడు కావాలి. గాలి కావాలి. పెట్రోలు కావాలి. నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వను ప్లగ్గు ఇస్తుంది. మన గ్యాస్ లైటరు లాంటిదే అది.

డీజిలు ఇంజనుకు ఇలాంటి ప్లగ్గు ఉండదు. అందులో గాలిని బాగా నొక్కుతారు. నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు కింద వేడెక్కుతుంది చూడండి, అలాగన్నమాట. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది.

ఏ ఇంజను అయినా తనంతట తాను మొదలుకాదు. మొదట ఎవరో ఒకరు తిప్పాలి. వెనకటి రోజుల్లో కారు ముందు ఇనప హ్యాండిలు పెట్టి తిప్పేవాళ్లు. అది ఒక్కోసారి ఎదురు తన్నేది. చేతులు విరిగేవి. 1912లో అమెరికాలో ఒక కారుకు కరెంటుతో తిరిగే సెల్ఫ్ మోటారు పెట్టారు. తర్వాత అన్ని కార్లకూ అదే వచ్చింది. ఆ మోటారుకు కరెంటు ఇచ్చేది బ్యాటరీ.

బండి నడిచేటప్పుడు బ్యాటరీని మళ్లీ నింపేది ఇంకొకటి ఉంది. దాన్ని ఆల్టర్నేటరు అంటారు. మెకానిక్కులు డైనమో అంటారు.

బండి చప్పుడు వినండి

బండి స్టార్ట్ కాకపోతే మొదటి ప్రశ్న ఒక్కటే. ఇంజను తిరుగుతోందా, తిరగడం లేదా? చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

1. ఏ చప్పుడూ లేదు. డ్యాష్‌బోర్డు మీద లైట్లు కూడా లేవు. అప్పుడు బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి. లేదా బ్యాటరీ వైరు ఊడి ఉండాలి. లైట్లు బాగానే ఉండి చప్పుడు లేకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. కొన్ని కార్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. అది చూడాలి. తర్వాత ఫ్యూజు చూడాలి.

2. 'టకటకటక' అని గబగబా కొట్టుకుంటోంది. బ్యాటరీలో బలం చాలడం లేదు. రాత్రి లైటు ఆపడం మరిచిపోయి ఉండొచ్చు. బ్యాటరీ ముసలిది అయి ఉండొచ్చు. డైనమో దాన్ని నింపకపోయి ఉండొచ్చు.

3. ఒక్క 'టక్' మాత్రమే వస్తోంది. వైర్ల జాయింటు వదులై ఉండొచ్చు. లేదా సెల్ఫ్ మోటారులోనే లోపం ఉండొచ్చు. ఇది తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. హెడ్‌లైట్లు వెయ్యాలి. ఒకరు కీ తిప్పాలి. ఒకరు లైట్లు చూడాలి. కీ తిప్పగానే లైట్లు బాగా మసకబారితే ముందు బ్యాటరీని, జాయింట్లను చూడాలి. లైట్లు తగ్గకుండా అలాగే ఉంటే కరెంటు సెల్ఫ్ మోటారు దాకా పోవడం లేదు, లేదా మోటారులో లోపం ఉంది.

4. ఇంజను బాగా తిరుగుతోంది. కానీ అందుకోవడం లేదు. అప్పుడు బ్యాటరీ జోలికి పోవద్దు. అది తన పని చేస్తోంది. పెట్రోలు వస్తోందా, నిప్పురవ్వ వస్తోందా అని చూడాలి. ఇప్పటి పెట్రోలు కార్లలో కీ ఆన్ చెయ్యగానే వెనక ట్యాంకు దగ్గర రెండు సెకన్లు 'ఊం' అని సన్నని చప్పుడు వస్తుంది. అది పెట్రోలు పంపు. ఆ చప్పుడు రాకపోతే పంపును, దాని ఫ్యూజును చూపించాలి. కొన్ని కార్లలో తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని బండి గుర్తుపట్టకపోయినా స్టార్ట్ కాదు. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

చూశారా? ఒక్క చప్పుడుతో సగం అనుమానాలు పోయాయి.

ట్యాంకు నిండా నీళ్లు, పంపులో చుక్క

ఇక మా ఇంటి కథకు వద్దాం. మా బండి చప్పుడు మూడో రకం. ఒక్క 'టక్'.

వదిన కొత్త బ్యాటరీతో వచ్చిన కార్డు తీసింది. కూడబలుక్కుని చదివింది. కొన్న తేదీ చదివింది. గ్యారంటీ ఎన్నాళ్లో చదివింది. రెండు నెలల బ్యాటరీ ఊరికే పోదు కదా అంది. అన్నయ్య పట్నం నుంచి వేరే మెకానిక్కును తీసుకొచ్చాడు. వదిన అతన్నీ అదే అడిగింది. "ఏం చూసి చెప్తావు బాబూ?"

అతను నవ్వాడు. "మీటరు చూసి చెప్తానమ్మా" అన్నాడు.

మీటరు పెట్టి వదినకు చూపించాడు. కారు బ్యాటరీని 12 వోల్టుల బ్యాటరీ అంటారు. నిండుగా ఉంటే మీటరు మీద 12.6 దగ్గర చూపిస్తుంది. 12.0 చూపిస్తే దాదాపు ఖాళీ అయినట్టు. మా బ్యాటరీ 12.6 చూపించింది. నిండుగా ఉంది.

తర్వాత అన్నయ్యను కీ తిప్పమన్నాడు. తిప్పుతుండగా బ్యాటరీ మీది సీసం మొనల దగ్గర చూశాడు. 12.4 ఉంది. ఆ మొనలకు బిగించిన క్లాంపుల మీద చూశాడు. 7 ఉంది. రెంటికీ మధ్య గోరంత ఎడం కూడా లేదు. కానీ కరెంటు ఆ మొన దాటి క్లాంపులోకి పోవడం లేదు.

"ట్యాంకు నిండా నీళ్లున్నాయి. పైపులో చెత్త అడ్డం పడింది. పంపులో చుక్క చుక్క వస్తోంది. అంతేనమ్మా" అన్నాడు.

క్లాంపు ఎత్తి చూస్తే లోపల తెల్లగా, పచ్చగా బూడిద పట్టి ఉంది. క్లాంపు సాగిపోయి వదులైంది. డ్యాష్‌బోర్డు లైట్లకు కొంచెం కరెంటు చాలు. అందుకే అవి వెలిగాయి. సెల్ఫ్ మోటారుకు వంద ఆంపియర్లకు పైగానే కరెంటు కావాలి. అంత కరెంటు ఆ బూడిదలోంచి పోలేదు.

మొదటిసారి కూడా రోగం అదే అయి ఉంటుంది. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు క్లాంపు తీసి మళ్లీ బిగించారు. ఆ బిగింపుకే బండి స్టార్ట్ అయింది. మేమేమో కొత్త బ్యాటరీ వల్ల అనుకున్నాం. 5 వేలు వడ్డీకి తెచ్చాం.

కొత్త క్లాంపుకు, కూలికి కలిపి 300 రూపాయలు తీసుకున్నాడు. వంట సోడా మా ఇంట్లోదే.

శుభ్రం చేసే పద్ధతి

ముందు బండి ఆపి కీ తియ్యాలి. నల్ల వైరు, అంటే మైనస్ వైరు, మొదట విప్పాలి. తర్వాత ఎర్ర వైరు విప్పాలి. బిగించేటప్పుడు ఎర్రది మొదట, నల్లది చివర. ఈ వరస తప్పకూడదు. తప్పితే పానా తగిలి మెరుపు కొడుతుంది.

గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలపాలి. పాత బ్రష్షుతో బూడిద రుద్ది కడగాలి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. మూతలు గట్టిగా ఉండాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గట్టిగా బిగించాలి. పైన కొంచెం వ్యాజలైను రాయాలి.

బ్యాటరీలో ఉండేది యాసిడ్. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఒంటి మీద పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఉండాలి, ఆస్పత్రికి పోవాలి. బ్యాటరీ నుంచి అంటుకునే గ్యాస్ వస్తుంది. దగ్గర బీడీ, దీపం, అగ్గిపుల్ల ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఇంజను తిరిగేటప్పుడు పైట, జడ ఫ్యానుకు దగ్గరగా పోనివ్వకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. అది ప్రాణం తీస్తుంది.

ఇంకొక మాట. కీని పట్టుకుని అదేపనిగా తిప్పకూడదు. ఒకసారికి 10 సెకన్లు చాలు. ఒక నిమిషం ఆగి మళ్లీ తిప్పాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు వేడెక్కి కాలిపోతుంది.

అన్నిసార్లూ ఒకటే రోగం కాదు

వానాకాలంలో ఒక రోజు బండి మళ్లీ మొరాయించింది. అన్నయ్య పానా తీసుకుని క్లాంపు విప్పబోయాడు. వదిన ఆపింది. "ఇంజను తిరుగుతోంది కదయ్యా. మరి బ్యాటరీ మీద ఎందుకు పడతావు?" అంది. అన్నయ్య ఆగాడు. మళ్లీ కీ తిప్పాడు. ఇంజను బాగా తిరుగుతోంది. అందుకోవడం లేదు. నాలుగో రకం.

పెట్రోలు ముల్లు పావు ట్యాంకు చూపిస్తోంది. వదిన తన నోటుపుస్తకం తీసింది. పెట్రోలు ఎప్పుడు పోయించారో, తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగారో అందులో ఉంది. లెక్క వేసింది. "ముల్లు అబద్ధం చెప్తోంది. ట్యాంకులో పెట్రోలు లేదు" అంది. సీసాతో రెండు లీటర్లు తెచ్చి పోశారు. బండి స్టార్ట్ అయింది. అన్నయ్య నవ్వాడు. మేమంతా నవ్వాం.

పుట్టింటికి కారులో వెళ్లిన ఇల్లాలు

"ఆడవాళ్లకు బండి సంగతి ఎందుకు?" అనేవాళ్లకు ఒక నిజమైన కథ చెప్పండి. జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో మూడు చక్రాల పెట్రోలు బండికి పేటెంటు తీసుకున్నాడు. బండి ఉంది గానీ జనానికి నమ్మకం లేదు. కొనేవాళ్లు తక్కువ.

ఆయన భార్య పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆమె భర్తకు చెప్పకుండా బండి తీసింది. ఇద్దరు కొడుకుల్ని వెంట తీసుకుంది. పుట్టింటికి బయలుదేరింది. దారి సుమారు 100 కిలోమీటర్లు. అంత దూరం కారులో అప్పటికి ఎవరూ పోలేదు.

దారిలో పెట్రోలు లాంటి ఆ నూనె అయిపోయింది. అప్పుడు పెట్రోలు బంకులు లేవు. ఒక మందుల షాపులో కొని పోసింది. ఒకచోట నూనె గొట్టం మూసుకుపోయింది. ఆమె టోపీకి గుచ్చుకున్న పొడవాటి సూది తీసి ఆ గొట్టాన్ని పొడిచి శుభ్రం చేసింది. ఒకచోట వైరు ఒరుసుకుపోయింది. మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. బ్రేకు కొయ్యలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు కొట్టించింది. చీకటి పడేసరికి పుట్టిల్లు చేరింది.

ఆమె మెకానిక్కు పని నేర్చిన బడి ఏదీ లేదు. బండి ఆగిన ప్రతిచోటా ఏది ఆగిందో చూసింది. దానికి తగ్గ పని చేసింది. ఆ ప్రయాణం తర్వాత కారు పేరు నలుగురికీ తెలిసింది.

నోటుపుస్తకం పెట్టండి

మీ ఇంట్లో బండి ఉంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఇవి రాయండి.

తేదీ ఏది? చప్పుడు ఎలా ఉంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, తిరిగి వచ్చాకా? ఏం చూశారు? ఏం మార్చారు? ఎంత డబ్బు ఇచ్చారు? బ్యాటరీ ఎప్పుడు కొన్నారు?

మన ఎండలకు బ్యాటరీ మామూలుగా మూడు, నాలుగేళ్లు వస్తుంది. తేదీ రాసి ఉంటే అది నిజంగా ముసలిదో కాదో మీకే తెలుస్తుంది. కొత్త బ్యాటరీ కూడా మాటిమాటికీ దిగిపోతుంటే ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టించండి. చాలా కార్లలో 14 వోల్టుల దగ్గర చూపించాలి. 12 దగ్గరే ఉంటే డైనమో నింపడం లేదు. ఇప్పటి కొన్ని కార్లలో డైనమో కొంచెం ఎక్కువ తక్కువగా నింపుతుంది. అందుకని మెకానిక్కును కూడా అడగండి. ఆ బండికి మళ్లీ బ్యాటరీ మార్చి లాభం లేదు.

మెకానిక్కులందరూ మోసగాళ్లు కారు. మొదటతను కూడా తెలియక చెప్పి ఉండొచ్చు. తొందరలో చెప్పి ఉండొచ్చు. కానీ వడ్డీ కట్టింది మేము. అందుకే అడగాలి. పాత సామాను తీస్తే చూపించమని అడగాలి. బిల్లు అడగాలి. బిల్లు చదవాలి.

ఆ పెద్దాయన ఇప్పటికీ మా అన్నయ్య బండిలోనే ఆస్పత్రికి వెళ్తున్నాడు. ఆయన వెళ్లే రోజుకు ముందు రాత్రి వదిన లాంతరు కాదు, టార్చిలైటు పట్టుకుని బానెట్ ఎత్తిస్తుంది. క్లాంపు కదులుతుందేమో చేత్తో చూస్తుంది. కీ ఒకసారి తిప్పించి చప్పుడు వింటుంది. నోటుపుస్తకంలో తేదీ వేసి "బాగుంది" అని రాస్తుంది. ఆ తర్వాతే పడుకుంటుంది.

పోయిన వారం మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. వచ్చే వారం మీ ఇంట్లో పాడైన వస్తువు ఏదైనా ఒకటి చెప్పండి. మోటారు కావచ్చు, మిక్సీ కావచ్చు, కుట్టుమిషను కావచ్చు. ఏం చప్పుడు చేస్తుందో రెండు వాక్యాలు రాసుకుని తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.